ప్రమాదం ఎవరి నుంచి? ఎవరికి?

"ప్రమాదకారి" అనే మాటను మన ఆసుపత్రుల్లో, పోలీస్ స్టేషన్లలో, ఇళ్ళల్లో ఎంత తేలిగ్గా వాడేస్తారో గమనించారా? ఒక మనిషిని దొంగ అనాలంటే పోయిన సొత్తేదో చూపించాలి. హంతకుడనాలంటే కోర్టు తీర్పు కావాలి. మానసిక ఆసుపత్రిలో చేరిన మనిషిని ప్రమాదకారి అనడానికి మాత్రం వెంట వచ్చినవాళ్ళ నోటిమాట చాలు. ఆ మాట ఒకసారి కేస్ షీటులోకి ఎక్కిందా, మందులు మారినా, డాక్టర్లు మారినా, రోగం నయమైనా అది మాత్రం చెరగదు. కాగితం మీద నుంచి ఊరి నోటికి, ఊరి నోటి నుంచి మళ్ళీ కాగితం మీదికి తిరుగుతూనే ఉంటుంది.

మానసిక రోగులంతా సాధువులని నేను వాదించబోవడం లేదు. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో కొందరు చెయ్యి చేసుకుంటారు. ఆ దెబ్బలు ఎక్కువగా తినేది ఇంట్లో వాళ్ళకి అన్నం పెట్టే తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు, వార్డుల్లో నర్సులు, ఆయాలు. అంటే మళ్ళీ మనమే. కాబట్టి హింస జరిగే అవకాశం ఎంత ఉందో ముందుగా అంచనా కట్టాలనడంలో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఇప్పుడు అంచనా పేరుతో జరుగుతున్న పని మీదే. అది అంచనా కాదు, ముద్ర వెయ్యడం. ఆ ముద్ర ఆడవాళ్ళ మీద పడేటప్పుడు దాని వెనక ఆస్తి ఉంటుంది, మొగుడి రెండో పెళ్ళి ఉంటుంది, "మా మాట వినదు" అన్న కోపం ఉంటుంది. వీటిని పక్కకి నెట్టి ఒక్క "హింస"ను మాత్రమే రాసుకునే వైద్యం ఎవరి పక్షాన నిలబడినట్టు?

మా కవిటి మండలంలోనే జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు, మనిషి పేరు, ఆసుపత్రి పేరు రాయను. ఆమె కొబ్బరి పీచు పనికి పోయేది. మొగుడు కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. ఉద్దానంలో ఇలాంటి ఇల్లు లేని ఊరు లేదు కాబట్టి దీనివల్ల ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. మొగుడు పోయిన కొన్నాళ్ళకి ఆమెకి నిద్ర పోయింది. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపించేవి. తనలో తనే మాట్లాడుకునేది. జబ్బు ఉన్న మాట నిజం. ఒకరోజు మరిది మీదికి కత్తిపీట విసిరింది. అదీ నిజమే. మరిది, మరో ఇద్దరు బంధువులు కలిసి ఆటోలో ఎక్కించి, అక్కడి నుంచి రైల్లో తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చారు. "కుటుంబ సభ్యులపై ఆయుధంతో దాడి. ప్రమాదకరం" అని రాసుకున్నారు. చెప్పింది మరిది. రాసింది డాక్టరు. ఆమెను అడిగినవాళ్ళు లేరు.

తర్వాత ఆమె తల్లితో కలిసి నేను చూడబోయినప్పుడు నేనడిగాను. "ఇసిరినానప్పా. నేదని నానన్నేదు. ఆడు నా గుంటడ్ని జబ్బట్టుకొని ఈడ్సినాడు. తోట కాయితం మీద ఏలుముద్ర ఎయ్యమన్నాడు. ఎయ్యనన్నాను. గుంటడ్ని ఈడ్సినాడు. అప్పుడిసిరినాను" అంది. ఈ నాలుగు ముక్కలూ కేస్ షీటులో లేవు. తోట లేదు, కాగితం లేదు, పిల్లవాడి జబ్బ లేదు. కత్తిపీట ఒక్కటే ఉంది.

మందులు పనిచేశాయి. నెల దాటేసరికి ఆమె నిద్రపోతోంది, తింటోంది, పిల్లలెలా ఉన్నారని అడుగుతోంది. "ఇంటికి పంపండి" అంటే, "ఏమైనా చేస్తే బాధ్యత ఎవరిది? ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు" అన్నారు. ఆ ఇంట్లోవాళ్ళు ఎవరో తెలుసు కదా. మొదట ఆమెను ప్రమాదకారి అన్నది ఎవరో, ఇంకా ప్రమాదకారేనని చెప్పిందీ వాళ్ళే. రెండుసార్లూ సాక్షి ఒక్కడే. నెలల తరబడి తిరిగాక తల్లి ఇంటికి పంపించారు. తోట మాట ఇంకా తేలలేదు.

ఈ కథలో ఎవరికి ఎవరి నుంచి ప్రమాదం ఉంది? మరిదికి ఆమె నుంచి కొంత ఉంది, కాదనను. ఆమెకి, పిల్లలకి మరిది నుంచి ఉన్న ప్రమాదాన్ని ఏ కాగితం మీద, ఏ గడిలో రాశారు? అసలు అలాంటి గడే లేదు.

డాక్టర్లు జోస్యం చెప్పగలరా?

రేపు ఎవరు కొడతారో ఈవాళ చెప్పడం సైన్సుకి ఎంతవరకు చేతనైందో చూద్దాం. ఎందుకంటే "మాకు తెలుసు, మీకు తెలియదు" అన్న ధీమా మీదే ఈ వ్యవహారమంతా నడుస్తోంది.

అమెరికాలో 1966లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల న్యూయార్క్ రాష్ట్రంలో "నేరస్వభావం గల ప్రమాదకర రోగులు" అని ఏళ్ళకేళ్ళు బంధించి ఉంచిన 967 మందిని మామూలు మానసిక ఆసుపత్రులకి పంపవలసి వచ్చింది. ఆ ఆసుపత్రుల సిబ్బంది హడలిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పరిశోధకులు వాళ్ళ బాగోగులు కనిపెట్టి చూశారు. అనుకున్న ఉత్పాతమేదీ జరగలేదు. తిరిగి ఆ బందిఖానాకి పంపవలసి వచ్చినవాళ్ళు అతి కొద్దిమంది. మిగిలినవాళ్ళందరి ఆయుష్షూ ఒక తప్పుడు అంచనా కింద కరిగిపోయినట్టే కదా.

ఆ తర్వాత డాక్టరు మనసుకి తోచింది రాయడం కాదని, లెక్క ప్రకారం ఉండాలని ప్రశ్నావళులు తయారుచేశారు. వాటిలో బాగా వాడుకలో ఉన్నది కెనడాలో 1990లలో వచ్చిన హెచ్‌సీఆర్-20. పేరులోని ఇరవై అందులోని అంశాల సంఖ్య. పది గతానికి, ఐదు ప్రస్తుత పరిస్థితికి, ఐదు బయటికి వెళ్ళాక ఉండే పరిస్థితులకి సంబంధించినవి. నోటిమాట కన్నా ఇవి మెరుగే. ఎంత మెరుగు? 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. 73 బృందాల్లోని 24 వేలకి పైగా మనుషుల మీద ఇలాంటి సాధనాలు ఎలా పనిచేశాయో అందులో లెక్క కట్టారు. హింసకి పాల్పడే ప్రమాదం ఉందని ముద్ర పడిన ప్రతి వందమందిలో నిజంగా ఆ పని చేసినవాళ్ళు 41 మంది. మిగతా 59 మంది చెయ్యలేదు. ప్రమాదం తక్కువన్న వందమందిలో 91 మంది చెయ్యలేదు. అంటే "ఈమె వల్ల భయం లేదు" అని చెప్పడం ఈ సాధనాలకి బాగానే వచ్చు. "ఈమె ప్రమాదకారి" అని చెప్పడమే సరిగా రాదు. మన ఆసుపత్రులు దీన్ని తలకిందులు చేశాయి. ప్రమాదకారి అని చెప్పడానికి ఒక్క నిమిషం, భయం లేదని చెప్పడానికి ఏడాది పడుతోంది!

ఇది డాక్టర్ల చేతకానితనం కాదు, లెక్కలోనే ఉన్న చిక్కు. వందమంది ఉన్న వార్డు అనుకోండి. వచ్చే నెలలో వాళ్ళలో ఐదుగురు ఎవరినైనా కొడతారనుకుందాం. మన పరీక్ష చాలా గట్టిది, ఐదుగురిలో నలుగురిని ముందే పట్టుకుంటుంది. కొట్టని 95 మందిలో కూడా ఐదింట నాలుగు వంతుల్ని సరిగ్గానే వదిలేస్తుంది. ఇక మిగిలిన ఒక వంతు ఎంత? 19 మంది. నలుగురిని పట్టుకోవడానికి మొత్తం 23 మంది మీద ముద్ర పడింది. అందులో 19 మంది ఎవరినీ తాకనైనా తాకనివాళ్ళు. అసలు కొట్టబోయే ఐదో మనిషి ముద్ర లేకుండా తిరుగుతూనే ఉంది. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఏరే మన ఆడవాళ్ళకి ఈ లెక్క చెప్పనక్కరలేదు. అక్కడ పొరపాటున మంచి పప్పు ముక్కల్లో పడితే ధర కొంచెం తగ్గుతుంది, అంతే. ఇక్కడ పడేది మనిషి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకొక వింత ఉంది. 1993లో అమెరికాలో మానసిక అత్యవసర విభాగానికి వచ్చినవాళ్ళ మీద చేసిన ఒక పరిశోధనలో డాక్టర్ల అంచనాలు మగవాళ్ళ విషయంలో కొంతవరకు నిజమయ్యాయి. ఆడవాళ్ళ విషయంలో మాత్రం బొమ్మాబొరుసు వేసినదాని కన్నా మెరుగ్గా లేవు. "ఆడది ఏం చేస్తుందిలే" అనుకుని వాళ్ళ హింసను తక్కువగా అంచనా కట్టారు. మనకి అనుకూలంగా లేదని ఈ విషయం దాచిపెట్టుకోనక్కరలేదు. ఆడదాని కోపాన్ని వైద్యం అర్థం చేసుకోలేదు. చూస్తే రాక్షసిగా చూస్తుంది, లేకపోతే అసలు చూడదు. ఆ కోపం ఎక్కడ పుట్టింది, ఎవరి మీద, ఎప్పుడు అని అడిగితే గానీ అంచనా కుదరదు. మా ఉద్దానం ఆమె కేసులో అడగనిది అదే.

అసలు ప్రమాదాన్ని మన ఆడవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు

1998లో అచ్చయిన మాకార్థర్ పరిశోధనలో మూడు అమెరికా నగరాల్లోని మానసిక ఆసుపత్రుల నుంచి ఇళ్ళకి వెళ్ళిన వెయ్యిమందికి పైగా రోగులను ఏడాదిపాటు కలుసుకుంటూ వివరాలు రాసుకున్నారు. వాటిలో ఒక నగరంలో వాళ్ళు ఉండే పేటల్లోని ఇరుగుపొరుగుతో పోల్చి చూశారు. మద్యం, మత్తు అలవాటు లేని రోగులకీ, ఆ అలవాటు లేని పొరుగువాళ్ళకీ హింసలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మత్తు చేరితే ఇద్దరిలోనూ హింస పెరిగింది. దెబ్బలు తిన్నవాళ్ళు ఎక్కువగా దారినపోయే కొత్తవాళ్ళు కారు, ఇంట్లోవాళ్ళు, స్నేహితులు.

ఈ మాట వినగానే మీకు ఏం గుర్తుకొస్తోంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం గుర్తుకు రావడం లేదూ? మొగుడు ఏ రాత్రి కొడతాడో, ఏ రాత్రి కొట్టడో అంచనా కట్టడానికి ఆ ఆడవాళ్ళకి ప్రశ్నావళి అవసరం కాలేదు. సారా ప్యాకెట్టును చూసి చెప్పారు. పాటలు మూసివేయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించారు. 1997లో ప్రభుత్వం ఖజానా సాకు చెప్పి దాన్ని ఎత్తేసింది. హింస ప్రమాదాన్ని తగ్గించడానికి మన రాష్ట్రంలో జరిగిన అతిపెద్ద ప్రయత్నం అదే. దాన్ని నడిపింది మానసిక వైద్యులు కారు, అక్షరం రాని కూలి ఆడవాళ్ళు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు పదిమందికి ముగ్గురు మొగుడి చేతిలో హింస అనుభవించినవాళ్ళే. ఆ మొగుళ్ళలో అత్యధికులకి ఏ మానసిక రోగమూ లేదు. వాళ్ళ మీద ఏ కేస్ షీటులోనూ "ప్రమాదకరం" అని లేదు. మగవాడు కొడితే అది సంసారంలో మామూలు. స్టేషన్‌లో కౌన్సెలింగ్ చేసి, "సర్దుకుపో అమ్మా" అని ఆమెనే వెనక్కి పంపుతారు. ఆడది ఎదురుకొడితే మాత్రం అది రోగలక్షణం. ఒకే ఇంట్లో ఒకే రాత్రి జరిగిన రెండు దెబ్బల్ని తూచడానికి రెండు తక్కెడలు వాడే ఈ పద్ధతినే పితృస్వామ్యం అంటున్నాం మనం.

చట్టంలో ఏముంది?

1912 నాటి తెల్లవాళ్ళ లూనసీ చట్టం పోయి 1987 చట్టం వచ్చింది. అదీ పోయి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి 2018 నుంచి అమలవుతోంది. రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఆ చట్టంలోని 89వ సెక్షను కొన్ని షరతులు పెట్టింది. జబ్బు తీవ్రంగా ఉండాలి. ఈ మధ్యకాలంలో తనకి తాను హాని చేసుకోబోయి ఉండాలి, లేదా ఇతరుల మీద హింసకి దిగి ఉండాలి, లేదా దెబ్బ తగులుతుందన్న భయం ఇతరులకి కలిగించి ఉండాలి, లేదా తనకే ప్రమాదం వచ్చేంతగా తనను తాను చూసుకోలేని స్థితిలో ఉండాలి. ఇద్దరు వేరువేరుగా పరీక్షించాలి. గడువు ముప్పై రోజులు. చేర్చుకున్నది ఆడమనిషినైతే మూడు రోజుల్లోగా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజెయ్యాలి.

మంచి చట్టమే. కానీ ఆ "భయం కలిగించడం" అన్న మాట దగ్గర ఆగండి. ఎవరి భయం? తోట కావాలనుకునే మరిది భయమూ భయమేనా? విడాకులు కావాలనుకునే మొగుడి భయమూ లెక్కలోకొస్తుందా? చట్టం ఆ తేడా చెప్పలేదు. చెప్పవలసింది పరీక్షించే డాక్టరు. వచ్చినవాళ్ళ మాట విని, రోగిని అడగకుండా సంతకం పెడితే ఆ సెక్షనంతా మరిది చేతిలో ఆయుధమే. అదే చట్టం 3వ సెక్షనులో ఇంకొక మాట కూడా ఉంది. కుటుంబం, సమాజం పాటించే నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకి, మతనమ్మకాలకి ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగం ఉందని తేల్చకూడదు. గతంలో ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన ఇప్పుడూ రోగమేనని అనకూడదు. ఈ సెక్షను ప్రతి ఓపీ గది గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాలి.

పెళ్ళి కోర్టుల్లో కూడా ఇదే నాటకం నడుస్తోంది. డాక్టరైన భార్యకి స్కిజోఫ్రీనియా ఉందంటూ విడాకులడిగిన ఒక డాక్టరు కేసు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆమె పై చదువు చదివి ప్రభుత్వ వైద్యాధికారిగా ఉద్యోగం చేస్తోంది, అంత తీవ్రమైన జబ్బే ఉంటే అది సాధ్యమయ్యేదా అని ప్రశ్నించింది. ఉద్యోగం, చదువు సాక్ష్యమిచ్చాయి కాబట్టి ఆమె గట్టెక్కింది. పీచు కొట్టే ఆమెకి ఎవరు సాక్ష్యం?

ఆడవాళ్ళదాకా ఎందుకు, నర్సీపట్నం డాక్టర్ సుధాకర్ సంగతి మనమందరం టీవీల్లో చూశాం. కరోనా వచ్చిన కొత్తలో, 2020 ఏప్రిల్‌లో, ఆసుపత్రిలో ఎన్-95 మాస్కులు లేవని బహిరంగంగా మాట్లాడినందుకు ఆ మత్తు డాక్టరును సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నం రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. తాగి గొడవ చేశాడన్నారు. కేజీహెచ్‌కి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు ఆ సంఘటన మీద సీబీఐ విచారణకి ఆదేశించింది. ఆసుపత్రి నుంచి బయటికి రావడానికి కూడా ఆయన హైకోర్టు గుమ్మమే తొక్కవలసి వచ్చింది. జూన్‌లో బయటికొచ్చాడు. 2021 మే 21న గుండెపోటుతో చనిపోయాడు. ఆయనకి జబ్బు ఉందా లేదా అన్న చర్చ నాకక్కరలేదు. ఉందనే అనుకుందాం. జబ్బున్న మనిషిని లాకప్పులో పెట్టకూడదని, ఇరవై నాలుగు గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని పోలీసులకి చెప్పిన చట్టం, పెడరెక్కలు విరిచి కట్టి రోడ్డు మీద పడెయ్యమని ఎక్కడైనా చెప్పిందా? ఆ వీడియోలో ఎవరి నుంచి ఎవరికి ప్రమాదం కనబడింది? ఆయన డాక్టరు, మగవాడు, చదువుకున్నవాడు, ఆయన కోసం దేశం మాట్లాడింది. ఉద్దానం ఆడమనిషిని ఆటోలో కుక్కి తీసుకుపోతుంటే వీడియో తీసేవాళ్ళెవరు?

కట్టేస్తే భద్రత అనుకునేవాళ్ళు 2001 ఆగస్టు 6ని మరిచిపోకూడదు. తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గర నడిపే ఒక షెడ్డులో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉండడం వల్ల పారిపోలేక 28 మంది మాడిపోయారు. వాళ్ళని ప్రమాదకారులనే కట్టారు. ఇప్పటి చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనూ గొలుసు వెయ్యకూడదంటోంది. 97వ సెక్షను ఒంటరి గదిలో బంధించడాన్ని నిషేధించింది. అప్పటికప్పుడు హాని జరగబోతుంటే, మరో దారి లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుడి అనుమతితో కాసేపు పట్టి ఉంచవచ్చు. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువన్న సాకుతోనూ కట్టకూడదు.

వార్డులో పనిచేసేవాళ్ళకి నా జవాబు

"రోడ్డు మీద నిలబడి హక్కులు మాట్లాడడం తేలికమ్మా, రాత్రి డ్యూటీ మీరు చెయ్యండి" అని నర్సులు అంటారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా కలిసి నలభై యాభై మందిని కాచుకోవలసి వచ్చినప్పుడు భయం వెయ్యదా? అందుకే అంచనా కావాలంటున్నాను. ముద్ర వద్దంటున్నాను. రెండూ వేరు.

1990లలో నార్వేలో వార్డు నర్సుల కోసం ఒక చిన్న పట్టిక తయారైంది. ఆరే ప్రశ్నలు. మనిషి అయోమయంగా ఉందా, చిరాకు పడుతోందా, గోల చేస్తోందా, నోటితో బెదిరిస్తోందా, చెయ్యెత్తి బెదిరిస్తోందా, వస్తువుల మీద విరుచుకుపడుతోందా? దాని జోస్యం వచ్చే ఇరవై నాలుగు గంటలకే. రేపు మళ్ళీ కొత్తగా వెయ్యాలి. నిన్నటి మార్కులు ఈవాళ చెల్లవు. నిజమైన అంచనా అంటే ఇలా ఉంటుంది. వాన కురిసే సూచన లాగా దానికి కాలం ఉంటుంది, మారుతుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మా పలాస దగ్గర తీరం దాటింది. ఆవేళ హెచ్చరిక ఇచ్చారు, మంచిదే. ఆ హెచ్చరిక ఏడాదంతా ఎగరేసి ఉంచితే ఉద్దానంలో ఎవరైనా బతికేవారా? అంచనాకి రెండో సగం కూడా ఉంది. ప్రమాదం ఉందని తేలితే ఏం చేస్తున్నారు? కట్టెయ్యడమేనా? నిద్రకి మందు, మాట్లాడే మనిషి, పక్క మంచం మార్చడం, కొట్టే బంధువును దూరంగా ఉంచడం కూడా వైద్యమే.

మన వైపు నుంచే కొందరు మిత్రులు "ఈ అంచనాలన్నీ రాజ్యం చేతిలో కర్రలు, మొత్తం ఎత్తిపారెయ్యాలి" అంటారు. వాళ్ళతోనూ ఏకీభవించలేను. అంచనా ఎత్తేస్తే భయం పోదు. భయం అలాగే ఉండి, లెక్కాపత్రం లేకుండా పనిచేస్తుంది. కొడుకు చేతిలో రోజూ దెబ్బలు తింటూ, తలుపు గడియ పెట్టుకుని నిద్రపోయే తల్లులు మా మండలంలో ఉన్నారు. వాళ్ళకి "మీ భయం కల్పన" అని చెప్పడానికి నాకు నోరు రాదు. వాళ్ళకి కావలసింది దగ్గర్లో డాక్టరు, నెలనెలా మందు.

అదే లేదు. 2014లో రాష్ట్రం విడిపోయి ఎర్రగడ్డ తెలంగాణకి వెళ్ళాక ఆంధ్రకి మిగిలిన ప్రభుత్వ మానసిక ఆసుపత్రి విశాఖపట్నంలోనిది. కవిటి నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాట. లేదంటే రాష్ట్రం దాటి బరంపురం పోవాలి. ఒక కూలి, రైలు ఛార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి, అన్నీ కలిపితే రెండో నెలకే మందులు ఆగిపోతాయి. మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది, జబ్బు తిరగబెడితే గొడవ, గొడవైతే "చూశారా, ప్రమాదకారి అని చెప్పలేదూ?" అంటారు. ఆ ప్రమాదాన్ని తయారుచేసింది రోగి మెదడు ఒక్కటేనా? దూరం కాదా? కిడ్నీ జబ్బు మీద ఉద్దానం ఏళ్ళ తరబడి గొంతు చించుకుంటే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. ఆ డయాలసిస్ మంచాల పక్కన నిద్రలేకుండా కూచునే భార్యల మనసులకి ఏమవుతోందో ఎవరు చూస్తున్నారు?

అందుకని మనం అడగవలసినవి ఇవి:

ఒకటి, హింస ప్రమాదం అని రాసిన ప్రతిచోటా ఎవరు చెప్పారు, ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది అని రాయాలి. రోగి చెప్పినది ఆమె మాటల్లోనే రాయాలి.

రెండు, ఆ రాతకి తేదీ, గడువు ఉండాలి. గడువు తీరాక మళ్ళీ పరీక్షించకుండా దాన్ని వాడకూడదు.

మూడు, అదే కాగితం మీద ఆమెకి ఇంట్లో, ఆసుపత్రిలో ఉన్న ప్రమాదాన్ని కూడా అంచనా కట్టాలి. ఆస్తి తగాదా, విడాకుల కేసు, గృహహింస ఉన్నాయా అని తప్పనిసరిగా అడగాలి.

నాలుగు, కుటుంబం తీసుకుపోవడం లేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదని 19వ సెక్షను చెబుతోంది. దాన్ని అమలు చెయ్యడానికి జిల్లాలోనే ఆడవాళ్ళు ఉండే చోటు చూపించాలి.

ఐదు, వార్డుల్లో రాత్రిపూట సిబ్బందిని పెంచాలి. పలాసలో, సోంపేటలో, కవిటిలో మానసిక వైద్యుడు కనీసం వారానికొక రోజు కూర్చోవాలి, మందులు అక్కడే ఇవ్వాలి.

ప్రభుత్వం ఇవన్నీ ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఈవాళే చెయ్యగల పని ఒకటుంది. ఆ చట్టం 14వ సెక్షను ప్రకారం పెద్దవాళ్ళెవరైనా, తనకి జబ్బు చేస్తే తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తనే ముందుగా ఎంచుకోవచ్చు. ఎంచుకోకపోతే ఆ పదవి బంధువులకే పోతుంది, అంటే మరిదికీ పోవచ్చు. దానికి స్టాంపు పేపరు అక్కరలేదు, లాయరు అక్కరలేదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో, వేలిముద్రో వేస్తే చాలు. తర్వాత మార్చుకోవచ్చు కూడా. ఇష్టం లేకుండా చేర్చిన ఆడమనిషి ఒప్పుకుంటే, రిజిస్టరైన మన సంఘం ప్రతినిధే బోర్డుకి అర్జీ పెట్టవచ్చు.

మా ఊళ్ళలో ఆడవాళ్ళ చేత వేలిముద్రలు వేయించుకున్నవాళ్ళు ఎప్పుడూ తోటలు, దొడ్లు, పట్టాలు పోయే కాగితాల మీదే వేయించుకున్నారు. వచ్చే నెల మీ ఊరి సంఘం మీటింగుకి ఒక దస్తా తెల్లకాగితాలు, ఒక ఇంకు పెట్టె పట్టుకెళ్ళండి. ఆమె తరఫున ఎవరు మాట్లాడాలో ఆమెనే అడిగి రాయండి.